ఇంటి దగ్గర లారీ పనులు: మనం చేసుకోదగినవి ఏవి, షెడ్డుకు వదలవలసినవి ఏవి?

సూర్యాపేట సారథి:

అందరికీ నమస్కారం. నాది పది టైర్ల లారీ, బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి. యజమానినీ నేనే, డ్రైవరునూ నేనే. మట్టపల్లి వైపు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు, మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తోలుతుంటాను. లోడు దొరకని రోజుల్లో బండి మా ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో ఆగి ఉంటుంది. వారంటీ గడువు ముగిసిపోయింది. చిన్నాపెద్దా ప్రతి పనికీ షెడ్డుకు తీసుకుపోతే ఇచ్చే కూలి ఒక ఎత్తు, పోయే రోజు మరొక ఎత్తు అవుతున్నది. మా నాన్నగారు పాత బండి నడిపిన కాలంలో సగం పనులు ఇంటి ముందే చేసుకునేవారు కాబట్టి నాకు స్పానరు పట్టుకోవడం కొత్త కాదు. అయితే ఇప్పటి బండిలో కంప్యూటరు, సెన్సార్లు, యూరియా ట్యాంకు వంటివన్నీ ఉన్నందున ఎక్కడ చేయి పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో తెలిసినవారి మాట వినాలనుకుంటున్నాను.

నా దగ్గర 20 టన్నుల జాకీ, స్పానర్ల సెట్టు, గ్రీజు గన్ను, మల్టీమీటరు ఉన్నాయి. గ్రీజు పెట్టడం, ఫిల్టర్లు, ఆయిలు మార్చడం, బ్రేకులు బిగించడం సొంతంగా చేసుకోవాలని ఉంది. ఇది కాక ఒక ఇబ్బంది ఉన్నది. రాత్రి మీటరులో బ్రేకుల గాలి నిండుగా చూసి ఆపిన బండిలో తెల్లవారేసరికి గాలి సగానికి పైగా దిగిపోతున్నది. ఎక్కడ పోతున్నదో కనిపెట్టడం ఇంటి దగ్గర సాధ్యమా?

ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ:

సారథి గారూ, సాధ్యమే. పైగా గాలి లీకు వెతకడానికి చప్పుళ్లతో నిండిన షెడ్డు కంటే రాత్రిపూట మీ ఇంటి పక్క జాగాయే మేలు. కానీ అంతకు ముందు నేల సంగతి చూసుకోండి. బండి నిలిపే చోటు గట్టిగా, సమంగా ఉండాలి. నల్లరేగడి నేల అయితే జాకీ కింద మందపాటి చెక్క పలక వేయనిదే ఎత్తకూడదు. ఎత్తని చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. జాకీ ఉన్నది ఎత్తడానికే గాని మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలోని ఒక చిన్న సీలు జారితే టన్నుల బరువు కన్నుమూసి తెరిచేలోగా కిందికి వచ్చేస్తుంది. ఎత్తిన వెంటనే యాక్సిల్ కింద ఇనుప స్టాండు పెట్టి, బరువు దాని మీదికి దించిన తరువాతనే మనిషి కిందికి పోవాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పనికిరావు. అవి ముందుగా సూచన ఏదీ ఇవ్వకుండానే పగిలిపోతాయి.

ఇక గాలి విషయం. ఇంజను నడిపి గాలి పూర్తిగా నింపండి. చాలా బండ్లలో ఒత్తిడి 8 బార్ దరిదాపులకు రాగానే డ్రయ్యరు (గాలిలోని తేమను తీసే భాగం) ఒకసారి బుస్సుమని వదులుతుంది. అప్పుడు ఇంజను ఆపి మూడు విడతలుగా చూడాలి. మొదటి విడతలో పార్కింగ్ బ్రేకు వేసి ఉంచి, పెడలు తొక్కకుండా, ట్యాంకుల దగ్గర, డ్రయ్యరు దగ్గర, వాల్వుల దగ్గర సబ్బు నీరు పూసి చూడండి. రెండవ విడతలో ఒక మనిషిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి పెడలు నొక్కి పట్టించండి. అప్పుడు మాత్రమే బుస వినిపిస్తే లోపం చక్రాల దగ్గరి గొట్టాలలోనో, బూస్టర్ల (గాలి ఒత్తిడితో బ్రేకును నెట్టే డబ్బాల) డయాఫ్రంలోనో ఉందని అర్థం. మూడవ విడతలో, చెక్క దిమ్మెలు గట్టిగా ఉన్నాయని మరొకసారి చూసుకొని, పార్కింగ్ బ్రేకు వదిలి వినండి. అప్పుడు మాత్రమే పోతూ ఉంటే వెనుక బూస్టరులో స్ప్రింగు ఉండే గది వైపు సీలు పోయినట్లు. ఈ మూడింటినీ కలిపేసి ఒకేసారి వెతికేవారు తరచుగా బాగున్న వాల్వును మార్చి, పోయినదాన్ని అలాగే ఉంచుతారు.

గొట్టం చివర వదులైన నట్టు, పగిలిన నైలాన్ పైపు, జాయింటు సీలు మీరే మార్చుకోవచ్చు. కానీ ఆ పని ముట్టుకునే ముందు ట్యాంకుల గాలి మొత్తం వదిలి మీటరు సున్నాకు రావాలి. వెనుక స్ప్రింగు బూస్టరు జోలికి మాత్రం పోవద్దు. అందులో అణచిపెట్టిన స్ప్రింగు బలం టన్ను దరిదాపులో ఉంటుంది. ట్యాంకులో గాలి లేకపోయినా ఆ బలం అక్కడే ఉంటుంది, ఎందుకంటే గాలి లేనప్పుడు బండిని పట్టి ఉంచేది అదే. చుట్టూ ఉన్న క్లాంపు ఊడదీసిన మరుక్షణం ఆ మూత ఎదుట ఏది ఉంటే దాన్ని చీల్చుకుంటూ పోతుంది. దాన్ని మొత్తంగా మార్చడం తప్ప విప్పడం మా షెడ్లలో కూడా మంచి మేస్త్రి ఎవరూ చేయరు.

గోదారి లోడు, రాజమహేంద్రవరం:

మేస్త్రి గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. గాలి ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ వాల్వును ప్రతి దినం లాగి, బయటికి ఏమి వస్తున్నదో అరచేయి అడ్డుపెట్టి గాక ఒక తెల్లని గుడ్డ అడ్డుపెట్టి చూడండి. పొడి గాలి వస్తే డ్రయ్యరు బాగున్నట్లు. నీటి చుక్కలు పడితే డ్రయ్యరు కార్ట్రిడ్జి లోపలి గుళికల పని అయిపోయినట్లు. పాలలా తెల్లటి జిడ్డు గుడ్డకు అంటుకుంటే కంప్రెసరు ఆయిలును తోస్తున్నట్లు. అప్పుడు కార్ట్రిడ్జి ఒక్కటే మారిస్తే కొత్తది కూడా త్వరలోనే అదే గతి పడుతుంది. గాలి మొత్తం వదిలేసి ఉన్నప్పుడు కార్ట్రిడ్జి మార్చడం కష్టమైన పని కాదు. పాతది విప్పి, కూర్చునే చోటు శుభ్రంగా తుడిచి, కొత్త రబ్బరు సీలుకు పలుచగా గ్రీజు రాసి చేతితో బిగించి, ఆపైన పుస్తకంలో చెప్పినంత మేరకే తిప్పాలి.

గ్రీజు పెట్టడం గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంటి దగ్గర మనం చేసుకునే పనుల్లో బండి ఆయుష్షును పెంచేది ఇదే అని నా గట్టి నమ్మకం. చాలామంది నిపుల్ (గ్రీజు ఎక్కించే మూతి) కనిపించిన చోటల్లా గన్ను పెట్టి రెండు పంపులు కొట్టి ముందుకు పోతారు. నిపుల్ మీది మట్టి తుడవకుండా గన్ను పెట్టారంటే ఆ మట్టినే లోపలికి తోసినట్లు. ముందు చక్రం పక్కలకు తిరిగే ఇరుసు అయిన కింగ్ పిన్‌కు గ్రీజు పెట్టేటప్పుడు ముందు యాక్సిల్‌ను ఎత్తి చక్రాలు నేల వదిలేలా చేయాలి. బరువు మీద ఉన్నప్పుడు అరిగే వైపు సందు మూసుకుపోయి ఉంటుంది, గ్రీజు సులువైన దారి చూసుకొని రెండవ వైపు నుంచి బయటికి వచ్చేస్తుంది. ఎత్తిన తరువాత స్టీరింగును ఒక చివరి నుంచి మరొక చివరికి తిప్పిస్తూ, నల్లటి పాత గ్రీజు పోయి కొత్త రంగు కనిపించేవరకు పంపు కొట్టండి. ఇంజను బలాన్ని వెనుక చక్రాలకు చేర్చే షాఫ్టు జాయింటు క్రాసు దగ్గర నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు రావాలి. మూడింటి నుంచి వచ్చి నాలుగవది పొడిగా ఉంటే పని అయిపోయిందనుకోకండి. ఆ నాలుగవ కప్పే రేపు దారిలో షాఫ్టును కింద పడవేసేది. కమాన్ కట్టల షాకిల్ పిన్‌లు, బ్రేకు క్యాంషాఫ్టు బుష్‌లు, స్లాక్ అడ్జస్టర్లు (బ్రేకు సందును సరిచేసే భాగాలు) మరచిపోవద్దు. క్యాంషాఫ్టుకు మాత్రం మితంగా పెట్టాలి, ఎక్కువైతే అది డ్రమ్ము లోపలికి కారి లైనర్లను (డ్రమ్మును రాసి చక్రాన్ని ఆపే పట్టీలను) జిడ్డు చేస్తుంది.

వానాకాలంలో నీరు నిలిచిన దారుల్లో తిరిగి వచ్చిన బండికి పుస్తకంలోని గడువు వరకు ఆగకుండా ముందే పెట్టడం మంచిది.

సీమ టిప్పర్, కడప:

సారథి గారిది టిప్పరు కాకపోయినా, ఈ చర్చ చదివేవారిలో టిప్పర్లు ఉన్నవారు ఉంటారు కాబట్టి ఒక్క మాట రాస్తున్నాను. తొట్టి లేపి దాని కింద గ్రీజు పెట్టేటప్పుడు, గొట్టం చూసేటప్పుడు, హైడ్రాలిక్ ఆయిలు బలాన్ని నమ్మి ఎవరూ తల పెట్టవద్దు. తొట్టి ఖాళీగా ఉండాలి, బండితో పాటు వచ్చిన ఇనుప ఊతకర్ర దాని చోటులో నిలబెట్టి ఉండాలి, క్యాబిన్‌లో లివరు ముట్టుకునే మనిషి ఉండకూడదు. గొట్టం చిట్లితే తొట్టి దిగడానికి పట్టే సమయంలో మనిషి బయటికి రాలేడు. క్యాబిన్‌ను ముందుకు వంచి పని చేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. లాకు పడినట్లు కళ్లతో చూడాలి.

డీజిల్ చుక్క, నెల్లూరు:

ఫిల్టర్ల గురించి నేను రాస్తాను. మీ నాన్నగారి బండిలో ఉన్నది పాత పద్ధతి పంపు. దానికి గాలి పడితే ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి, ఇంజను తిప్పుతూ, నురుగు పోయి డీజిల్ వచ్చేదాకా చూసేవారు. బీఎస్-6 బండికి ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. కామన్ రైలులో (ఇంజెక్టర్లన్నింటికీ డీజిల్ పంచే గొట్టంలో) డీజిల్ ఒత్తిడి 1600 బార్‌కు పైన ఉంటుంది. ఆ ఒత్తిడితో సన్నని చీలిక నుంచి వచ్చే ధార చర్మాన్ని దాటి కండలోకి పోతుంది. బయటికి సూదితో గుచ్చినట్లు చిన్న గాయమే కనిపించినా లోపల కణజాలం చచ్చిపోతుంది, వెంటనే శస్త్రచికిత్స లేకపోతే వేలు గాని, చేయి గాని తీసివేయవలసి వస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ పైపుల మీద చేయి పెట్టి లీకు వెతకడం కూడా తగదు.

ఇంటి దగ్గర చేయదగినది తక్కువ ఒత్తిడి వైపు పని. మొదటి ఫిల్టరు అడుగున నీరు చేరే గిన్నె ఉంటుంది. ఉదయం ఇంజను స్టార్టు చేయకముందు, రాత్రంతా నీరు అడుగుకు దిగి ఉన్న వేళ, దాని మర వదులు చేసి ఒక సీసాలోకి పట్టండి. నీరు కింద, డీజిల్ పైన వేరుగా నిలుస్తాయి. ఫిల్టరు మార్చేటప్పుడు కొత్త ఫిల్టరులో డబ్బాలోని డీజిల్ పోసి బిగించే అలవాటు చాలామందికి ఉంది. మొదటి ఫిల్టరుకు అది అంతగా చేటు చేయకపోవచ్చు గాని, రెండవ ఫిల్టరును మాత్రం ఖాళీగానే బిగించాలి. దాని మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడకట్టకుండానే నేరుగా పంపుకు, ఇంజెక్టర్లకు పోతుంది. కంటికి కనిపించని నలుసు చాలు ఇంజెక్టరును పాడుచేయడానికి. బిగించిన తరువాత చేతి పంపును అది గట్టిపడేవరకు కొట్టి, ఫిల్టరు తల మీది గాలి మర నుంచి బుడగలు లేని డీజిల్ వచ్చాక మూయండి.

ఆయిలు విషయంలో ధర చూసి పాత బండ్ల ఆయిలు పోయకండి. బీఎస్-6 బండికి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది; ఆయిలు కాలినప్పుడు మిగిలే బూడిద అందులో పేరుకుపోతుంది, అది మళ్లీ కాలిపోయేది కాదు. అందుకే పుస్తకంలో తక్కువ బూడిద గల ఆయిలునే అడుగుతారు. ఆయిలు మార్చేటప్పుడు డ్రెయిన్ బోల్టు కింది రాగి వాషరు కూడా మార్చండి.

ఇక పొగను శుభ్రం చేయడానికి వాడే యూరియా ద్రవం. మనవాళ్లు డెఫ్ అనీ, యాడ్‌బ్లూ అనీ అంటారు. అందులో 32.5 శాతం యూరియా, మిగిలినది లవణాలు తీసేసిన నీరు. పొలానికి వేసే యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందని కొందరు చెప్పడం విన్నాను, అది బండికి విషం. మన దేశంలో వ్యవసాయ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, దానిలో బయురెట్ వంటి మలినాలు ఉంటాయి, బోరు నీటిలో సున్నం ఉంటుంది. ఇవన్నీ ఆ ద్రవాన్ని చిమ్మే డోజింగ్ ఇంజెక్టరులోనూ, పొగ గొట్టంలోని ఉత్ప్రేరకం మీదనూ పేరుకుంటాయి. ఆ ఉత్ప్రేరకం మార్చడానికి అయ్యే ఖర్చుతో ఎన్నో ఏళ్ల ద్రవం కొనవచ్చు. అంతేకాక రైతుల కోసం రాయితీ మీద ఇచ్చే యూరియాను వేరే పనికి మళ్లించడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరం. సీలు వేసిన డబ్బా కొని, ఎండ తగలని చోట ఉంచి, దాని కోసం వేరుగా పెట్టుకున్న గరాటుతోనే పోయండి. డీజిల్ పోసిన గరాటును ఒక్కసారి కూడా వాడవద్దు.

సూర్యాపేట సారథి:

అందరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారు చెప్పిన వరుసలో చూశాను. మొదటి రెండు విడతల్లో ఏమీ వినిపించలేదు. పార్కింగ్ బ్రేకు వదిలినప్పుడు ఎడమ వైపు నడిమి యాక్సిల్ దగ్గర సన్నగా బుస వినిపించింది. కానీ నేను రాత్రి ఆపేటప్పుడు పార్కింగ్ బ్రేకు వేసే ఆపుతాను కదా, మరి తెల్లవారేసరికి గాలి ఎలా దిగుతుందో అర్థం కాలేదు. రెండవ సందేహం బ్రేకు బిగింపు గురించి. పక్క బండివాళ్లు పెడలు కిందికి పోతున్నదనిపించగానే కిందికి దూరి స్పానరుతో స్లాక్ అడ్జస్టరు ఒక చుట్టు తిప్పేస్తారు. నా బండికి ఆటోమేటిక్ అడ్జస్టర్లు ఉన్నాయి. వాటినీ అలా తిప్పవచ్చా?

ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ:

మీరు అడిగిన మొదటి ప్రశ్న సరైనదే. పార్కింగ్ బ్రేకు వేసినప్పుడు స్ప్రింగు గదిలోని గాలి బయటికి వెళ్లిపోతుంది కాబట్టి, ఆ సీలు పోవడం వల్ల రాత్రి గాలి దిగదు. అంటే మీకు ఉన్నవి రెండు లోపాలు. ఆ బూస్టరు మార్పించండి, అది షెడ్డు పని. రాత్రి దిగే గాలి కోసం మొదటి విడతను మళ్లీ చేయండి; చెవికి వినిపించనంత సన్నని లీకు తెల్లవారేదాకా సాగితే ట్యాంకును ఖాళీ చేస్తుంది. డ్రయ్యరు అడుగున గాలి వదిలే రంధ్రం దగ్గర సబ్బు బుడగ నిలబెట్టి చూడండి. ట్యాంకుల డ్రెయిన్ వాల్వుల మూతి కూడా చూడండి, వాటిలో ఇసుక రేణువు చిక్కుకొని పూర్తిగా మూసుకోకపోవడం నేను తరచుగా చూసే లోపం.

డాలస్ దారి, టెక్సాస్:

నేను ఇక్కడ ట్రక్కు నడుపుతాను. బ్రేకు అడ్జస్టర్ల గురించి ఇక్కడి పద్ధతి చెబితే ఉపయోగపడుతుందనుకుంటున్నాను. అమెరికాలో 1994 అక్టోబరు 20 నుంచి తయారైన గాలి బ్రేకుల వాహనాలన్నింటికీ ఆటోమేటిక్ అడ్జస్టర్లు తప్పనిసరి. వాటిని దారిలో స్పానరుతో తిప్పవద్దని మాకు శిక్షణలోనే నేర్పుతారు. అది తనంతట తాను సందును సరిచేసుకోవాలి. చేసుకోలేకపోతున్నదంటే క్లెవిస్ పిన్ (బూస్టరు రాడ్‌ను అడ్జస్టరుకు కలిపే పిన్) అరిగి ఉండాలి, లేదా క్యాంషాఫ్టు బుష్ అరిగి ఉండాలి, లేదా అడ్జస్టరే పోయి ఉండాలి. చేతితో తిప్పితే ఆ లోపం కొన్నాళ్లు కనబడకుండా పోతుంది, తరువాత బరువుతో దిగుడు దారిలో ఉన్నప్పుడు బయటపడుతుంది.

తిప్పడానికి బదులు కొలవండి. చక్రాలకు దిమ్మెలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వదిలి, బూస్టరు నుంచి వచ్చే పుష్ రాడ్ మీద బూస్టరు అంచు దగ్గర సుద్దతో గీత గీయండి. ట్యాంకులో 90 నుంచి 100 పీఎస్‌ఐ మధ్య, అంటే 6 నుంచి 7 బార్ మధ్య గాలి ఉండగా ఇంజను ఆపి, మరొకరి చేత పెడలు పూర్తిగా తొక్కించి, గీత ఎంత దూరం బయటికి వచ్చిందో స్కేలుతో చూడండి. టైప్ 30 అనే సైజు మామూలు బూస్టరుకు ఇక్కడి హద్దు 2 అంగుళాలు. గాలి లీకుకు కూడా మాకు ఒక కొలత ఉంది. ఇంజను ఆపి పెడలు తొక్కి పట్టినప్పుడు ట్రెయిలరు లేని బండిలో నిమిషానికి 3 పీఎస్‌ఐ కంటే ఎక్కువ దిగకూడదు.

ఘాట్ రోడ్ సీనియర్, రంపచోడవరం:

డాలస్ తమ్ముడు చెప్పిన కొలత పద్ధతి బాగుంది, కానీ ఇక్కడ చాలా బండ్లకు ఇంకా చేతితో బిగించే అడ్జస్టర్లే ఉన్నాయన్నది మరచిపోకూడదు. మారేడుమిల్లి ఘాట్ దిగే ముందు వాటిని చూసుకోకపోతే ప్రాణానికే ముప్పు. చక్రం ఎత్తి, లైనర్లు డ్రమ్మును తాకేవరకు బిగించి, చక్రం రాపిడి లేకుండా తిరిగేటంత మేరకు వెనక్కి వదలాలి. ఇది బండి చల్లగా ఉన్నప్పుడే చేయాలి. దిగువకు వచ్చి వేడిగా ఉన్న డ్రమ్ము వ్యాకోచించి ఉంటుంది కాబట్టి రాడ్ ఎక్కువ దూరం వస్తుంది. అప్పుడు బిగిస్తే చల్లారిన తరువాత డ్రమ్ము లైనర్లను పట్టేసి, దారిపొడవునా రాపిడితో వేడెక్కి, గ్రీజు కరిగి హబ్ బేరింగులు పోతాయి. కుడి ఎడమల బిగింపు సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. సారథి బాబు బండికి ఆటోమేటిక్ ఉన్నందున ఈ మాట అతనికి కాదు, పాత బండ్లు ఉన్నవారికి.

కరెంటు పని, వరంగల్లు:

మల్టీమీటరు ఉందన్నారు కాబట్టి బ్యాటరీల గురించి రాస్తున్నాను. మీ బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. రాత్రంతా ఆగి ఉన్న తరువాత ఒక్కొక్క దాన్ని విడిగా కొలవండి. ఒకటి 12.6 దగ్గర, మరొకటి 12.1 దగ్గర ఉంటే ఆ రెండవది మొదటిదాన్ని కూడా త్వరలో పాడుచేస్తుంది. అందుకే ఒక్క బ్యాటరీ మార్చడం పొదుపు కాదు. ఇంజను నడుస్తున్నప్పుడు రెండింటి మీద కలిపి 27.5 నుంచి 28.5 మధ్య కనిపిస్తే ఆల్టర్నేటరు బాగున్నట్లు. తీసేటప్పుడు ముందు మైనస్ తీగ, పెట్టేటప్పుడు చివరగా మైనస్ తీగ.

ఇంటి దగ్గర పనుల్లో బండి కంప్యూటరును చంపేది ఎక్కువగా వెల్డింగే. బాడీ పట్టీ విరిగిందని వెల్డరును పిలిచి, బ్యాటరీ కలిపి ఉండగానే అతికించడం జరుగుతుంటుంది. రెండు బ్యాటరీల తీగలు తీసి, ఇంజను ఈసీయూ (కంప్యూటరు) కనెక్టర్లు ఊడదీసి, వెల్డింగు అర్త్ క్లాంపును అతికించే చోటుకు దగ్గరగానే పెట్టించండి. అర్త్ దూరంగా ఎక్కడో యాక్సిల్‌కు పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కూడా కాల్చి గుంటలు పెడుతుంది. చాసిస్ ఫ్రేము మీద మాత్రం తయారీదారు అనుమతి లేని చోట వెల్డింగు చేయించకండి.

గోదారి లోడు, రాజమహేంద్రవరం:

చక్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు ఆపి నట్లు మళ్లీ బిగించాలి. డిస్కు, హబ్ మధ్య ఉన్న రంగు, తుప్పు నలిగి సందు ఏర్పడుతుంది. నట్టు చుట్టూ తుప్పు రంగు చారలు బయటికి పాకినట్లు కనిపిస్తే ఆ నట్టు వదులైనదని గుర్తు. పైపు తొడిగి దాని మీద ఎక్కి తొక్కేవారు ఎంత బలం పడుతున్నదో లెక్క చూసుకోవాలి. మీటరు పొడవున్న పైపు చివర 60 కిలోల బరువు వేస్తే దాదాపు 590 న్యూటన్ మీటర్ల బిగింపు అవుతుంది. మీ పుస్తకంలోని అంకెతో దీన్ని పోల్చుకోండి, ఎక్కువైతే బోల్టు సాగి ఏదో ఒకనాడు తెగుతుంది. బోల్టు మరలకు ఆయిలు, గ్రీజు పూయడం కూడా పుస్తకం చెబితేనే చేయాలి.

ట్యూబు టైర్లు, లాకు రింగు ఉన్న డిస్కులు అయితే గాలి పట్టించే పని ఇంటి దగ్గర వద్దు. రింగు సరిగా కూర్చోకుండా గాలి నిండితే అది తుపాకి గుండులా ఎగిరి వస్తుంది. పంక్చరు షాపులో ఇనుప పంజరం ఉన్నచోటే పట్టించండి, అక్కడ కూడా టైరు ఎదుట నిలబడకండి.

సూర్యాపేట సారథి:

మేస్త్రి గారు చెప్పినట్లే డ్రయ్యరు అడుగు రంధ్రం దగ్గర సబ్బు బుడగ నెమ్మదిగా ఉబ్బుతున్నది. కార్ట్రిడ్జి మార్చి చాలాకాలం అయింది కాబట్టి అది నేనే మార్చి, వాల్వు శుభ్రం చేసి చూస్తాను; అప్పటికీ ఆగకపోతే బూస్టరు మార్పించే రోజునే డ్రయ్యరు కూడా చూపిస్తాను. అడ్జస్టర్లు తిప్పను, పుష్ రాడ్ కొలుస్తాను. చివరిగా ఒక సందేహం. ఈసారి ఆయిలు నేనే మార్చబోతున్నాను. పాత ఆయిలు, ఫిల్టర్లు ఏమి చేయాలి? మా ఊరిలో కొందరు చెదలకు కర్రలకు పూస్తారు, కొందరు ఇటుక బట్టీలకు ఇస్తారు.

డీజిల్ చుక్క, నెల్లూరు:

రెండూ వద్దు, సారథి గారూ. వాడిన ఆయిలులో ఇంజను అరుగుదల నుంచి వచ్చిన లోహాలు ఉంటాయి. నేలలో పోస్తే బావి నీటికి చేరతాయి, బట్టీలో కాలిస్తే గాలిలోకి వస్తాయి. ప్రమాదకర వ్యర్థాల మీద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం అది కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. మీరు ఆయిలు కొనే పెద్ద డీలరును గాని, దగ్గరి సర్వీసు సెంటరును గాని అడిగితే వారి దగ్గరికి వచ్చే సేకరణ బండి వివరాలు చెబుతారు. అప్పటివరకు మూత గట్టిగా ఉన్న డబ్బాలో, నీరు, డీజిల్, కూలెంటు కలవకుండా ఉంచండి. కలిస్తే ఎవరూ తీసుకోరు. ఫిల్టరును బోర్లించి ఒక రాత్రంతా డబ్బా మీద ఉంచితే అందులో మిగిలిన ఆయిలు కూడా దిగుతుంది. పాత బ్యాటరీలను కొత్తవి కొన్న దుకాణంలోనే అప్పగించండి, తిరిగి తీసుకునే బాధ్యత 2022 నిబంధనల కింద తయారీదారులదే.